జర వెనక్కి జరుగమ్మా

ఈ రోజు పొద్దున్నే నాచారం నుంచి ఒక్కడినే కారేసుకుని జవహర్‌నగర్ వెళ్లాను, గద్దల ఫోటోల కోసం. చలికాలంలో వలస వచ్చే పెద్ద గద్దలు అక్కడి చెత్త గుట్టల మీదే తిరుగుతుంటాయి.

రోడ్డు పక్కన కెమెరా స్టాండు వేసుకుని నిలబడితే, చెత్త ఏరుకునే ఒక పెద్దమ్మ సంచి కింద పెట్టి దగ్గరికొచ్చింది.

“గద్దలు రోజూ ఉంటయ్ గని, నాదొక్క ఫోటో దియ్యి బిడ్డా.”

“ఇది దూరమున్నయే తీస్తదమ్మా. జర వెనక్కి జరుగు.”

“దగ్గరున్నోళ్లు కనబడని కెమెరా ఏందయ్యా గిది!” అని నవ్వి, కొంగు సర్దుకుంటూ నాలుగడుగులు వెనక్కి వేసింది. “ఇంకా” అన్నాను. ఇంకో నాలుగు వేసింది. ముఖం అప్పుడప్పుడే లెన్స్‌లో తేటపడుతోంది. ఇంతలో ఆమె వెనక గుట్ట మీద నుంచి ఒక పెద్ద గద్ద లేచింది. నా చేతులు అటే తిరిగాయి.

రెండు నిమిషాల తర్వాత చూస్తే ఆమె లేదు. ఇంకో చెత్త లారీ వచ్చినట్టుంది, చెత్త ఏరేవాళ్లందరూ గుట్ట అవతలికి వెళ్లిపోయారు. చాలాసేపు ఆగాను, రాలేదు. పేరైనా అడగలేదు.

తిరిగొస్తూ ఏఎస్ రావు నగర్‌లో టీ తాగి, డబ్బులివ్వడానికి స్కాన్ చేద్దామని ఫోన్ తీశాను. జానెడు దూరంలో ఉన్న కోడ్ ఎంత స్పష్టంగా కనబడిందో! ఆ ఫోన్ పొద్దుటి నుంచీ నా జేబులోనే ఉంది.

ఇలాంటి తెలివితక్కువ పని మీరూ ఎప్పుడైనా చేసి ఉంటే రాయండి, నాకు కాస్త తోడవుతారు. గద్ద ఫోటోలు మాత్రం అడక్కండి. బాగానే వచ్చాయి.