పగిలిన విజిల్

దయ్యాలంటే నాకు భయం లేదు, చిరాకు. దయ్యాల కథలు చెప్పేవాళ్లంటే ఇంకా చిరాకు. అందుకే ఇది రాయడానికి ఇన్నేళ్లు ఆగాను.

నల్గొండలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను. మా తమ్ముడు సందీప్‌కు ఫోనులో ఆడే ఒక కొట్లాట గేమ్ పిచ్చి. దాన్ని పది నిమిషాల సినిమాగా తీస్తానని నా ప్రాణం తిన్నాడు. వాడు హీరో, వాడి దోస్తు యూసుఫ్ విలన్. హీరో కవచం బైకు సీటు కవరు, విలన్ వేషం వానకోటు. అగ్గి మంత్రానికి సాంబ్రాణి పొగ! ఛీ, బడిపిల్లల వేషాలు ఇంతకంటే నయం.

మేళ్లచెరువు దగ్గర పాడుబడ్డ సున్నపురాయి క్వారీకి పోయాం. మిట్టమధ్యాహ్నం. మేం ముగ్గురం తప్ప పురుగు లేదు.

ప్రతి రౌండుకు ముందు మా బాపు విజిల్ చూపించాలన్నాడు తమ్ముడు. బాపు మా ఊరి కబడ్డీ రెఫరీ. ఆయన పొడుగ్గా ఊదితే ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆగాలి. ఆగనివాణ్ణి ఆ రోజంతా ఆడనిచ్చేవాడు కాదు. మేం ముగ్గురం ఆ విజిల్ కిందే పెరిగాం. బాపు పోయి అప్పటికి మూడేళ్లు. విజిల్ పగిలింది, ఊదితే గాలి తప్ప మోత రాదు.

"అన్నా, జర దగ్గరగ తియ్యి. బాపు ఉన్నట్టుంటది."

"గీ కోతిగంతులల్ల బాపునెందుకు కలుపుతవ్‌రా?"

వాడి మొహం చిన్నబోయింది. తీశాక విజిల్ నా జేబులో వేసుకున్నాను.

చివరి షాట్‌కి గుంత అంచున ఉన్న బండను నేనే చూపించాను. వాడు పరుగెత్తుకొచ్చి దాని మీదికి ఎగరాలి. కింద తాటిచెట్టంత లోతు. పీడ తొందరగా వదిలితే చాలనుకుని, బండ గట్టిదో కాదో చూడలేదు.

పరుగెత్తాడు. పొడుగ్గా విజిల్ మోగింది. సందీప్ ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆగాడు. యూసుఫ్ ఆగాడు. నేనూ బిగుసుకుపోయాను. మా కళ్ల ముందే బండ విరిగి గుంతలో పడింది.

"చాచా..." అన్నాడు యూసుఫ్. మా బాపును వాడు పిలిచే పిలుపు అది.

విజిల్ నా జేబులోనే ఉంది. గొర్లకాపరులెవరైనా ఉన్నారేమోనని చుట్టూ వెతికాం. ఎవరూ లేరు. ఇంటికొచ్చి వీడియో చూస్తే వాడి పరుగు చప్పుడుంది, బండ పడ్డ చప్పుడుంది. విజిల్ మోత లేదు. గాలి అనుకున్నాను, భ్రమ అనుకున్నాను. ముగ్గురికీ ఒకేసారా? నాకే అతకలేదు.

సినిమా నెట్‌లో పెడితే, "హీరో ఎందుకు ఆగిండు భాయ్, చార్జింగ్ అయిపోయిందా?" అని నవ్వారు. నవ్వరా మరి, పరమ చెత్త సినిమా. కానీ తమ్ముడు ఒంటికాలి మీద ఆగిన ఆ నాలుగు క్షణాలను కత్తిరించడానికి మాత్రం నాకు ఈనాటికీ చెయ్యి రాలేదు.