నూట పద్దెనిమిదో గడి

సర్జాపుర రోడ్డులో మేముండే అపార్టుమెంటులో పై అంతస్తు వాళ్ళు వంటగది బండ మార్పిస్తున్నారు. నిన్న లిఫ్టు పనిచేయక మెట్లెక్కుతుంటే తడిసిన గ్రానైట్ పొడి వాసన వచ్చింది. జిగణిలో మా నాయన పెట్టిన రాళ్ళు కోసే యూనిట్‌ను ఇప్పుడు నేనే చూసుకుంటున్నాను కాబట్టి అది నాకు రోజూ ఉండే వాసనే. అయినా వెలుతురు లేని మెట్ల మీద, అనుకోని చోట ముక్కుకు తగిలేసరికి, సుగుణ మిస్ నా వెనకే ఎక్కి వస్తున్నట్టూ, ప్రతి మలుపులోనూ ఊపిరి కోసం ఆగుతున్నట్టూ అనిపించింది. వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు. ఉండరని నాకు తెలుసు, అయినా చూశాను.

మిస్ మాకు హైస్కూల్లో కెమిస్ట్రీ చెప్పేవారు. సన్నటి మనిషి, నూలు చీర, అరుదుగా నవ్వు. నవ్వితే మాకు ఇంకా భయం. ల్యాబులో ఉన్న మూలకాల పట్టికను చెదలు తినేశాయి. సోడియం నుంచి ఆర్గాన్ దాకా ఒక్క సెలవుల్లో భోంచేసి పెట్టాయి. మిస్ మా నాయన్ను పిలిపించి, చెదలు తినలేని పట్టిక కావాలన్నారు. మా యూనిట్‌లో మిగిలిన నల్లరాతి ముక్కల్ని అద్దంలా పాలిష్ చేసి, ఒక్కో ముక్క మీద ఒక్కో మూలకం గుర్తు చెక్కించి, నాయన గోడ నిండా అతికించి ఇచ్చాడు. ఆఖరి వరుసలో చివరి గడులు ఖాళీ. ఆ మూలకాలను అప్పటికి ఎవరూ కనిపెట్టలేదు. ఆ ఖాళీ గడుల్లో మా మొహాలు కనిపించేవి, నల్లగా, నీళ్ళ అడుగున ఉన్నట్టు. చిట్టచివరి గడిలో మొహం చూసుకున్నవాళ్ళు మళ్ళీ ఏడాది స్కూలుకు రారని ఎవరో పుట్టించారు. అందరం దాని ముందు తల వంచుకుని నడిచేవాళ్ళం. మిస్ మాత్రం సరిగ్గా అక్కడే నిలబడి పాఠం చెప్పేవారు. పరమాణువు నడుమ ఎన్ని ప్రోటాన్లుంటే అదే దాని పేరూ ఊరూ, ఒక్కటి ఎక్కువైనా అది ఇంకొకటైపోతుంది అనేవారు. ఒకసారి నన్ను లేపి ఆ గడి మీద చెయ్యి పెట్టించారు.

"ఇది నూట పద్దెనిమిదిది. ఇంకా ఎవురికీ కనపడలేదు. అయినా చోటు ఇదే. పైన రేడాన్ ఉండాది చూడు, దాని మాదిరే బయటి కక్ష్య నిండి ఉంటాది. ఖాళీ అంటే ఏమీ లేదని కాదు పాపా. రావాల్సింది ఇంకా రాలేదని."

రాయి చల్లగా ఉంది. రాత్రి అన్నం ముందు కూర్చున్నా ఆ చలి అరచేతిలోంచి పోలేదు.

నేను కాలేజీలో చేరిన ఏడాది వానలకు మిస్ భర్త ప్రభుదాస్ గారి సమాధి రాయి పక్కకు ఒరిగింది. ఆయన ఎప్పుడో పోయారు. ఆ రాయి చేసిచ్చింది మా నాయనే. దాన్ని నిలబెట్టడానికి ఇద్దరు పనివాళ్ళను నాకు తోడిచ్చి సమాధుల తోటకు పంపాడు. అది జంట రాయి. ఎడమవైపు ఆయన పేరు, పుట్టిన ఏడాది, పోయిన ఏడాది. కుడివైపు మిస్ పేరు, పుట్టిన ఏడాది, పక్కన ఒక గీత, గీత తర్వాత, పోయే ఏడాది కోసం ముందే చెక్కిన ఒకటీ తొమ్మిదీ. వాటి పక్కన ఇంకో రెండంకెలు పట్టేంత జాగా నున్నగా వదిలేసి ఉంది. ఆ జాగాలో గొడుగు పట్టుకుని నిలబడిన మిస్ మొహం కనిపిస్తోంది. నేను చూపు పక్కకు తిప్పుకున్నాను. ఆమె మాత్రం ఇంటి తలుపు మీద పేరు చూసుకున్నంత మామూలుగా చూసుకుంటున్నారు. ఇంటికెళ్ళి నాయన్ను అడిగితే, మళ్ళీ సమాధుల దగ్గరికి పోయి చెక్కడం కష్టమని, తెలిసినంత ముందే చెక్కేయడం అందరూ చేసేదేనని చెప్పాడు. రెండువేలు దాటుతుందని ఎవరూ ఆలోచించలేదట.

మిస్ ఆలోచించారు, తన రాతిమీద రెండువేలు పట్టదని. అప్పటికే ఆమె గుండెలో వాల్వు పాడైంది. తొంభై తొమ్మిదిలో డాక్టర్లు ఆపరేషన్ చేయించుకోమన్నారు. ఆమె ఊఁ అని ఊరుకుని, తన పుస్తకాలు తలా ఒకటి పంచడం మొదలుపెట్టారు. ఆ ఏడాదే ఎక్కడో విదేశపు ల్యాబులో నూట పద్దెనిమిదో మూలకం కనపడిందని పేపర్లో వచ్చింది. ఆ వారమే గోడ మీద ఆఖరి గడిలో దాని గుర్తు చెక్కించారు. నేను చూడ్డానికి వెళ్తే, "అదీ వచ్చేసింది పాపా. ఇంక నా గడే మిగిలింది" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. సైన్సు చెప్పే మనిషి రాతిమీద రాతను నమ్మి ఆసుపత్రికి పోకపోవడమేమిటని మొహానే అడిగేశాను. ఆమె కోప్పడలేదు.

"నమ్మకం కాదు. ఒకసారి చెక్కేసినాక చెరిపేదెట్ల?"

రెండువేలు వచ్చింది. మిస్ బతికే ఉన్నారు. బతికే ఉన్నా, ఖాళీ చేయాల్సిన ఇంట్లో ఉంటున్న మనిషిలా మెలిగేవారు. ఆపరేషన్ మాటెత్తితే, రాయి కొంచెం ఆలస్యం చేస్తోందంతే అనేవారు. ఆ మాట వింటే నాకు ఏడుపొచ్చేది.

మరుసటేడు ఒక మధ్యాహ్నం ఆమె ఒక్కరే బస్సులో మా యూనిట్‌కు వచ్చారు. ఊపిరందక కాసేపు రాతిదిమ్మె మీద కూర్చుని, చేతిలోని పేపరు నాకిచ్చారు. ఆ ల్యాబువాళ్ళు చెప్పింది వెనక్కి తీసుకున్నారు. అలాంటి మూలకం తమకు కనపడనే లేదట.

"లేదంట పాపా. మన గోడ మీద ఉండాది, వాళ్ళ దగ్గర లేదు" అన్నారు.

గ్రైండింగ్ మిషను తీసుకుని స్కూలుకు వెళ్ళాం. నీళ్ళు పోస్తూ పట్టగానే అక్షరాలు బురదై కారిపోయాయి. గడి కాస్త గుంటపడి, మెరుపు పోయి, ఎవరి మొహమూ చూపించకుండా మిగిలింది. మిస్ ఆ గుంటలో అరచెయ్యి పెట్టి చాలాసేపు నిలబడ్డారు. ఇంత సులభమా అని అడిగారు. తర్వాత అదే మిషనుతో సమాధుల తోటకు తీసుకుపోయి, తన పేరు కింద ఉన్న ఒకటినీ తొమ్మిదినీ చెరిపించారు. ఆ సాయంత్రం ఆమె చిన్నపిల్లలా నవ్వారు. మొదటిసారి ఆ నవ్వుకు నాకు భయం వేయలేదు.

ఆ వారంలోనే ఆసుపత్రికి వెళ్ళారు, నేనూ వెంట వెళ్ళాను. గుండె బాగా దెబ్బతిందని, ఇప్పుడు కోస్తే తట్టుకోలేదని డాక్టరు చెప్పాడు. రెండేళ్ళ ముందు వచ్చి ఉంటే మామూలు ఆపరేషనే అన్నాడు. మిస్ తలూపి, నా చెయ్యి పట్టుకుని లేచారు. తర్వాత కొన్నేళ్ళు కూర్చునే పాఠాలు చెప్పారు, కూర్చునే పోయారు. ఆ ఏడాది అంకెలు నేనే చెక్కాను. ఒక సున్నా కాస్త వంకరపోయింది.

ఇప్పుడు జంట రాయి కావాలని ఎవరొచ్చినా, బతికున్నవాళ్ళ పేరు పక్కన పుట్టిన ఏడాది చెక్కి ఆపేస్తాను. గీత కూడా పెట్టను. మళ్ళీ మిషను మోసుకుపోవాలని మా పనివాళ్ళు గొణుగుతారు. ఒక పూట పని తగ్గుతుందని మా నాయన ఆ రెండంకెలు ముందే చెక్కాడు. ఆ పూట పని మాకు ఎలాగూ మిగిలింది, మిస్ మాకు మిగల్లేదు.