ఆంటీ కప్పిన అటక

పక్కింటి ఆంటీ మంగళవారం పొద్దున పోయారు. ఆసుపత్రి నుంచి వాళ్లమ్మాయి ఫోన్ చేసింది. గ్లాస్గోలోనే పుట్టి పెరిగిన పిల్ల, ఎప్పుడూ ఇంగ్లీషే. ఆ పొద్దున మాత్రం "అమ్మ లేదక్కా" అంది. తలెత్తి అటక తలుపు వంక చూశాను.

ఆ అటక సంగతి చెబితేనే ఆంటీ మీకు తెలుస్తారు.

మా పాప నెలల పిల్లగా ఉన్నప్పుడు, ఎంత హీటింగ్ పెట్టినా మేడ మీది గది వెచ్చబడేది కాదు. పాపకు దగ్గు తగ్గేది కాదు. గది వెచ్చగా ఉంచమన్నాడు మా జీపీ డాక్టరు. ఎలాగో చెప్పలేదు. ఆంటీ వచ్చి గది మధ్యన నిలబడి పైకి చూశారు. "నీ వేడంత మొగులుకు పోతున్నది బిడ్డా. లాఫ్ట్ కప్పుదాం" అన్నారు, పైకప్పు కిందున్న అటక చూపించి. సొంత అటక తానే కప్పుకున్న మనిషి. ఎదుటివాళ్ల కష్టం తీర్చడం ఆవిడకు కూర వండినంత మామూలు పని.

శనివారం అద్దె మిషన్ వచ్చింది. పాత పేపర్లను పీచు చేసి, నిప్పంటుకోకుండా మందు కలిపిన మూటలూ వచ్చాయి. మిషన్‌లో పోస్తే గొట్టంలోంచి ఆ పీచు పైకి ఎగజిమ్ముతుంది. ముందుగా ఆంటీ మిషన్‌కు బొట్టు పెట్టారు.

"అద్దెది ఆంటీ" అన్నాడు మా ఆయన.

"అద్దెదైతేంది? పని జేసేది గదా."

అటకలోకి ఎక్కాం. చూరు సందుల్లోంచి చలిగాలి కొడుతోందని నేను పాత చీరలు తెచ్చి కుక్కబోయాను. ఆంటీ చెయ్యి పట్టుకున్నారు. "ఆ పని నేను జేసిన. చెమ్మ పట్టి మా దూలాలు నల్లబడ్డయి. మనిషికి దుప్పటి కప్పాలె గని ముక్కు మూయొద్దు."

మాస్కు కట్టుకుని, మోకాళ్ల మీద కూర్చుని గొట్టం పట్టారు. బూడిదరంగు పీచు మెల్లగా దిగుతూ మూలమూలా పూడ్చేసింది. చదివి పారేసిన కాగితం ఇంత పని చేస్తుందా అని నోరు తెరుచుకుని చూశాను. మిషన్ ఆపి కిందికి దిగితే ఇంకో వింత. బయట వాన పడుతూనే ఉంది, గదిలో చప్పుడే లేదు.

కొన్నాళ్లకు దగ్గు తగ్గింది. మందుకో, అటకకో తెలియదు. నేను మాత్రం ఆంటీకే దండం పెట్టాను.

ఆ ఏడు తొలిమంచుకు ఆవిడ మమ్మల్ని వీధిలోకి లాక్కొచ్చారు. అందరి పైకప్పులూ మంచు కరిగి నల్లబడ్డాయి, మా రెండిళ్లవీ తెల్లగా ఉన్నాయి. "మంచు కరగలే. అంటే వేడి లోపల్నే ఉన్నది" అన్నారు.

ఆంటీని సాగనంపి వచ్చిన రోజు కూడా మంచు పడింది. ఆంటీ ఇంట్లో హీటింగ్ ఆపేశారు, లోపల వేడన్నదే లేదు. మా ఇంట్లో పాప స్వెటర్ విప్పేసి ఆడుకుంటోంది. వీధిలోంచి చూస్తే రెండు పైకప్పులూ ఒకే తెలుపు.