ఇంటిపేరు, కామా, చుక్క

కోడలు కాలేజీలో జంతుశాస్త్రం చెబుతుంది. పాఠం చెప్పడం కన్నా పాత గోదాము చూరు కింద గబ్బిలాల్ని చూస్తూ కూర్చోవడమే ఆమెకు ఇష్టం. వందల పిల్లల్లో తల్లి గబ్బిలం తన పిల్లను ఎలా గుర్తుపడుతుందో కనిపెట్టి పేపర్ కూడా రాసింది. సాయంత్రం ఆమె గుమ్మంలో అడుగుపెట్టగానే అత్తగారు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు" అనేది. వాళ్ల ఇంటిపేరు కస్తూరి కాదు గానీ, కంపు మాత్రం అచ్చంగా సామెతలోదే.

ఆమెది టెంపరరీ ఉద్యోగం. ఈ ఏడాది లోపు మంచి జర్నల్లో పేపర్ పడితేనే పర్మనెంటు, లేకపోతే ఇంటికేనని ప్రిన్సిపాల్ తేల్చేశాడు. ఆమె అందరిలాగే బాగా పేరు మోసిన జర్నల్‌కు గురిపెట్టింది. వాళ్లు మర్యాదగానే తిప్పి పంపారు. మేం వేసేది జబ్బుల మీద పేపర్లు, మీ గబ్బిలాలు నిక్షేపంలా ఉన్నాయి అన్నారు. ఆరోగ్యంగా ఉండటం కూడా తప్పేనా అని ఆమె నవ్వబోయి ఏడ్చింది.

తర్వాత ఒకరోజు స్టాఫ్‌రూమ్‌లో పేపర్ చివరి రిఫరెన్సులు చూస్తుంటే తట్టింది. తాను చదివి ఆధారం చేసుకున్నవాటిలో సగానికి పైగా ఒకే జర్నల్లో వచ్చాయి. చిన్నదే, కానీ గట్టిది. పిల్లను చంకలో పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. తనను తాను తిట్టుకుని ఆ రోజే అక్కడికి పంపింది.

అక్కడి నుంచీ వెనక్కి వచ్చింది, ఈసారి చదవకుండానే. ఆమె మొదటి జర్నల్ పద్ధతిలో రిఫరెన్సులకు అంకెలు వేసి పంపింది. వీళ్లకు అంకెలు పనికిరావు. ముందు ఇంటిపేరు, కామా, పేరులో మొదటి అక్షరం, చుక్క, బ్రాకెట్లో సంవత్సరం. అలా పంపితే చదువుతామన్నారు. ఆమె అన్నీ తిరగరాసింది. రాసినవాళ్ల కంటికి తమ తప్పులు కనపడవు కాబట్టి, మొహమాటపడుతూనే కాగితాలు అత్తగారి ముందు పెట్టింది. ఆవిడకు ఇంగ్లిషు అర్థం కాదు, అక్షరాలు మాత్రం తెలుసు. ఇక కోడలి పనిలో తప్పు పట్టడమంటారా, అది వెన్నతో పెట్టిన విద్య.

అత్తగారు వరండాలో కళ్లజోడు తగిలించుకుని, బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఏరింది. ఇక్కడ చుక్క మింగేశావంది, అక్కడ కామా రెండుసార్లు వడ్డించావంది, ఈయనెవరికో ఇంటిపేరు వెనక్కి పోయిందంది. కోడలు నోరెత్తకుండా దిద్దింది. ఆ ఇంట్లో అత్తపోరు అంత తియ్యగా అంతకుముందెప్పుడూ లేదు.

పేపర్ పడింది. ఉద్యోగం పర్మనెంటయింది. కానీ అసలు పండగ మరుసటేడు వచ్చింది. ఎక్కడో ముక్కూమొహం తెలియనివాళ్లు రాసిన పేపర్ చివర, రిఫరెన్సుల మధ్య, తన పేపర్ కనిపించింది. ప్రింటు తీసుకుని, గోదాము కంపుతోనే ఇంటికి పరుగెత్తుకొచ్చింది. ఆ రోజు అత్తగారి కొంగు ముక్కు దాకా వెళ్లలేదు.

ఆవిడ వేలు పెట్టి చదివింది. ఇంటిపేరు. కామా. ఒక్క అక్షరం. ఆవిడ పేరూ ఆ అక్షరంతోనే మొదలవుతుంది.

"ఇది నేనేనని చెప్పుకున్నా ఎవరూ కాదనలేరే" అంది మెల్లగా.

"చెప్పుకోండి అత్తయ్యా. సగం మీదేగా."

అత్తగారి కళ్లు తడిశాయి. కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ కాగితం మీదికి వంగింది.

"వీళ్లు అక్షరం పక్కన చుక్క పెట్టలేదు. మన పేరు దగ్గరే వదిలేస్తామా? ఉత్తరం రాయి."