అత్త బయలుదేరిన టైము

పుత్తూరులో మా మేనత్త పోయిందని ఆమె కోడలు ఫోన్ చేసినప్పుడు నేను చిత్తూరులో ఒక కాలేజీ గ్రౌండులో, పరుగు పందేనికి వైర్లు లాగుతున్నాను. పొద్దున కాఫీ కలపమని చెప్పిందట. గ్లాసు తెచ్చేలోగా కుర్చీలోనే వెళ్లిపోయిందట. "ఎవురికీ పని పెట్టలేదన్నా," అని ఏడ్చింది ఆ అమ్మాయి.

పని ఇంకొకరికి అప్పజెప్పి, అక్కడ మారి పుత్తూరు పోదామని తిరుపతి బస్సెక్కాను. దారంతా ఏడుపు రావలసింది. పూతలపట్టు దాటేసరికి నవ్వు మొదలైంది. పక్క సీటాయన నన్ను చూసి కాస్త జరిగి కూర్చున్నాడు.

నా పని మీలో చాలామందికి తెలియకపోవచ్చు. ఆదివారాల్లో ఇప్పుడు ప్రతి ఊళ్లోనూ పరుగులు పెడుతున్నారు కదా, వాటికి టైము తీసేది నేను. పరిగెత్తేవాళ్ల నెంబరు కాగితం వెనక చిన్న చిప్పు ఉంటుంది. బయలుదేరే చోటా ముగిసే చోటా నేల మీద మ్యాటు పరుస్తాం. దాన్ని దాటగానే కంప్యూటరులో టైము పడుతుంది. ఎవరిదైనా మొదటి టైము పడకపోతే ఆ గడి ఖాళీగా మిగులుతుంది. అప్పుడు సాఫ్టువేరు, జెండా ఊపిన క్షణమే వాళ్లూ కదిలారనుకుని లెక్క కట్టేస్తుంది. వెనకాల నింపాదిగా కదిలినవాళ్లకు అది నష్టం.

ఆ ఖాళీ గడే మా అత్తకూ నాకూ మధ్య గొడవ పెట్టింది.

అత్తకు ఒకసారి కాలు బెణికితే పుత్తూరు కట్టు కట్టించుకుంది. కట్టు విప్పిన వైద్యుడు రోజూ నడవమన్నాడు. ఎప్పుడు ఆపాలో ఆయన చెప్పలేదు కాబట్టి తను ఆపలేదనేది. చీర కుచ్చిళ్లు ఎగదోపి, కొడుకు పాత బూట్లు తొడుక్కుని, ఎక్కడ పరుగు పెట్టినా వచ్చేసేది. దారిలో కనబడిన ప్రతివాళ్లనూ పలకరించేది. "పరిగెత్తేది కాళ్లు కదరా, నోటికేం పని?" అనేది.

తిరుపతి పరుగులో అరవై దాటిన ఆడవాళ్లకు ఒక కప్పు పెట్టారు. రిటైరైన హెడ్మిస్ట్రెస్ మేడం ఒకావిడ మొదట వచ్చింది. అత్తది రెండో స్థానం, తేడా చాలా తక్కువ. నెంబరు కాగితం పీకి చేత్తో పట్టుకుని అత్త నా టెంటులోకి వచ్చింది.

"నాది యాడ తప్పింది, సూపీరా."

చూపించాను. ఆమె మొదటి గడి ఖాళీ.

"నువ్వు మ్యాటు తొక్కలేదత్తా. అందుకని జెండా టైమే వేసింది."

"అదెట్ల? జనమంతా పోయినాక కదా నేను కదిలింది! ఆ టైము తీసేస్తే కప్పు నాదే."

అది నిజమే. తీసేస్తే కప్పు ఆమెదే. కానీ ఎంత తీయాలో నాకెలా తెలుస్తుంది? హెడ్మిస్ట్రెస్ మేడం కూడా లోపలికి వచ్చింది.

"ఏమప్పా, మేనత్తకొక లెక్క, మాకొక లెక్కనా?"

ఇలాంటి మాట ఒకటి బయటికి పోతే మళ్లీ నన్ను ఎవరూ పిలవరు. అత్తే దారి చూపింది. "మేడం కొడుకు సెల్లులో వీడియో తీసినాడు. దాంట్లో సూడు, నేను ఎంత లేటుగా కదిలినానో!"

ముగ్గురం సెల్లు మీదకు వంగాం. జెండా ఊపారు. జనం మ్యాటు మీదుగా కదిలారు. వాళ్లలో అత్త లేదు. వీడియో రోడ్డు పొడుగునా తిరిగింది. మ్యాటు దాటి చాలా ముందుకు, రోడ్డు పక్కన టీబండి దగ్గర అత్త కాఫీ ఊదుకుంటూ నిలబడి ఉంది. జనమంతా తనను దాటి పోయేదాకా ఆగింది. చివరి గుక్క తాగింది, గ్లాసు బండి మీద పెట్టింది, మూతి తుడుచుకుంది, అప్పుడు కదిలింది.

ఆమె ఆలస్యంగా బయలుదేరిన మాట అక్షరాలా నిజం. బయలుదేరిన చోటే సగం వీధి ముందు. దీనికి ఏ టైము వేయాలో నా సాఫ్టువేరులో లేదు. ఉన్న బటన్ ఒక్కటే, ఫలితాల్లోంచి పేరు తీసేసేది. దాని మీదికి నా వేలు పోలేదు.

అత్త నా భుజం మీద ఒక్కటి చరిచింది. "నొక్కురా. మేనత్తని సూస్తా కూసున్నావా?"

నొక్కాను. రెండో స్థానం కూడా పోయింది. అత్త హెడ్మిస్ట్రెస్ వైపు తిరిగింది.

"మేడం, నువ్వు గెలిచినావు. నేను కాఫీ తాగినా."

ఆవిడ నవ్వాపుకోవాలని చూసింది. "కాఫీ బాగుండిందా?"

"రా, సూపిస్తా. బండి ఈడనే ఉండాది."

ఇద్దరూ వెళ్లిపోయారు. అటు స్టేజీ మీద మైకులో మేడం పేరు పిలిచారు, మళ్లీ పిలిచారు. కప్పు పట్టుకుని ముఖ్య అతిథి నవ్వుతూనే నిలబడ్డాడు. చివరికి నేనే వెళ్లి కప్పు తీసుకుని టీబండి దగ్గర ఇచ్చాను. అందులో ఏం పోయవచ్చో అత్త అప్పటికే ఆలోచిస్తోంది.

ఆ తర్వాత ఏ పరుగుకైనా ఇద్దరూ కలిసే వచ్చేవాళ్లు. ఒకర్నొకరు ఓడించడం మానేశారు, మాటలు ఎక్కువై. అత్త అంత్యక్రియల్లో నా పక్కన నిలబడి మేడం ఒక్కటే అడిగింది: "నాతో చెప్పకుండానే పోయింది, చూసినావా?"

ఇప్పుడు కళ్లు మూసుకుంటే నాకు కనబడేది అత్త చివరి పరుగు. జెండా ఊపారు. అత్త మ్యాటు మీద రెండు కాళ్లూ గట్టిగా ఆనించి, కదలకుండా నిలబడింది. వెనకాల జనం ఆమెకు అటూ ఇటూ చీలి పరుగెత్తుతున్నారు. "పడిందా రా?" అని అరిచింది. బొటనవేలు ఎత్తి చూపించాను. చాలలేదు. "నోటితో చెప్పు!" అంటూ చెవి వెనక చెయ్యి పెట్టుకుని, నా టెంటు వైపు తల వంచి, అంత జనం మధ్యలో అలాగే నిలబడింది.