గడప దాటకూడని పువ్వు

దేవుడి కోసం పువ్వు కోస్తే తప్పు లేదని మా అత్తగారి నమ్మకం. ఊళ్ళో ఉన్నప్పుడు తెల్లవారకముందే సజ్జ పట్టుకుని వీధంతా తిరిగి, ఎవరి గోడ మీంచి కొమ్మ వంగి ఉంటే ఆ కొమ్మ దులిపేసి తెచ్చుకునేవారు. అక్కడ ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. ఎనభైల మొదట్లో ఆరు నెలలు ఉండి వెళ్దామని అమెరికాలో మా ఊరు హెర్న్‌డన్ వచ్చినప్పుడూ ఆ అలవాటు మానలేదు. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. ఆవిడ ఒక్కదాని మీదే కాదు.

మా పక్కింటామె ఐర్లాండ్ పడమటి తీరం నుంచి పెళ్ళైన కొత్తలో వచ్చి ఇక్కడే ఉండిపోయిన మనిషి. అరవై దాటాయి. పిల్లల్లేరు, మొగుడూ పెళ్ళామూ ఇద్దరే. ఈ దేశంలో నాకు మొదటి స్నేహితురాలు ఆమే. నెలకోసారి ఎవరి బేస్‌మెంట్‌లోనో కలిసే మనవాళ్ళతో పులిహోర, పట్టుచీరలు, గ్రీన్ కార్డు కబుర్లు తప్ప ఏముండేవి? మొదటిసారి కడుపు పోయినప్పుడు నేను ఏడ్చింది ఈమె వంటింట్లోనే.

మేం ఆ ఇంట్లో దిగిన మొదటి చలికాలం, వాళ్ళ దక్షిణపు గోడ వారన మంచులోంచి చిన్న చిన్న తెల్లపూలు తలలు వంచుకుని లేచాయి. స్నోడ్రాప్స్. గ్లాసులో పెట్టుకుందామని ఒకటి తుంచబోయాను. ఆమె నా చేతి మీద చెళ్ళున కొట్టింది. తర్వాత తనే సిగ్గుపడి, లోపలికి తీసుకెళ్ళి టీ పోసి చెప్పింది.

వాళ్ళకి వసంతం ఫిబ్రవరి ఒకటిన మొదలవుతుందిట. అది బ్రిజిడ్ రోజు. చర్చి వాళ్ళు సెయింట్ అంటారు గానీ, చర్చి రాకముందు నుంచే ఆమె దేవత అని పక్కింటామె గొంతు తగ్గించి మరీ చెప్పింది. గొర్రెలు పాలకొచ్చే రోజులవి. చలికాలపు ముసలమ్మని తరిమేసి బ్రిజిడ్ నేల మీద కాలు పెడితే, ఆ కాలు పడ్డచోట ఈ తెల్లపువ్వు లేస్తుంది. గడ్డిలో మొలిచే డాండెలియన్ పువ్వు కాడ విరిస్తే కారే పాలు కూడా ఆమెవే, గొర్రెపిల్లల కోసం. మే నెల మొదలయ్యే ముందురోజు పచ్చని ప్రింరోజ్ పూలు గడప మీద చల్లుతారు, చెడు లోపలికి రాకుండా. ఇక స్నోడ్రాప్ మాత్రం గడప దాటకూడదు. బయట ఉన్నంతసేపు అది ఆశ. లోపలికి తెస్తే శవం మీద కప్పే గుడ్డ. మంచం పట్టిన మనిషున్న ఇంట్లోకి తెస్తే ఆ మనిషి ఇంకో వసంతం చూడడు.

నేను నవ్వలేదు. మంగళవారం గోళ్ళు తీయని ఇంట్లో పుట్టి నేనెలా నవ్వుతాను?

మా అత్తగారు వచ్చిన ఏడాదే పక్కింటాయనకి ఊపిరితిత్తుల్లో కేన్సర్ అని తేలింది. క్రిస్మస్ అయ్యేసరికి డాక్టర్లు చేతులెత్తేసి ఇంటికి పంపారు. ముందుగదిలో హాస్పిటల్ మంచం వేశారు. నేను లేబ్ ఉద్యోగానికి, మా ఆయన ఆఫీస్‌కి వెళ్ళిపోతే, అత్తగారు పొద్దస్తమానం ఆ ఇంట్లోనే. ఆవిడకి ఇంగ్లీషు ముక్క రాదు, పక్కింటామెకి తెలుగు రాదు. అయినా ఇద్దరికీ బాగానే సాగేది. ఏమీ సయించని ఆ మనిషి మా అత్తగారి పెరుగన్నం మాత్రం నాలుగు చెంచాలు తినేవాడు. తలుపు కొట్టక్కర్లేదు, వచ్చెయ్యమని వాళ్ళే అన్నారు.

జనవరి ఆఖరి రోజు సాయంత్రం పక్కింటామె తెల్లటి గుడ్డ ఒకటి పొద మీద ఆరేస్తూ కనిపించింది. రాత్రి బ్రిజిడ్ ఆ దారిన వెళ్తూ దాన్ని ముట్టుకుంటుందట. పొద్దున్నే తీసి రోగి తలకి చుడితే జబ్బు తగ్గుతుందట. "పెళ్ళైన దగ్గర్నుంచి పెట్టలేదు. ఈసారి పెడుతున్నాను" అంది. చదువుకున్న మనిషే. స్కాన్ రిపోర్టులు తనే చదివింది. అయినా ఆశంతా ఆ గుడ్డముక్క మీద పెట్టుకుంది. నేను ఆమె చెయ్యి పట్టుకుని, తగ్గుతుంది అన్నాను.

మర్నాడు పొద్దున నేను కోటు తొడుక్కుంటుంటే దేవుడి అలమర ముందు ఐస్‌క్రీమ్ డబ్బా కనిపించింది. దాని నిండా స్నోడ్రాప్స్. అత్తగారు మా ఆయన ఉన్ని సాక్సులు వేసుకుని, చీరమీద స్వెటర్‌తో, చలికి ముక్కు ఎర్రబడి, సంబరంగా నిలబడ్డారు.

"తుమ్మిపూలలా ఎంత బావున్నాయో చూడు అమ్మాయ్. పూలే లేని దేశమనుకున్నాను. పక్కింటాయన పేరు చెప్పి మృత్యుంజయ జపం చేసి, ఈ పూలు ఆయన కళ్ళకద్ది వస్తాను" అన్నారు.

అంతకు ముందు వారమే ఎదురింటివాళ్ళ కుండీలో పూలు కోశారని నేనంటే, ఆవిడ రెండు పూటలు అన్నం మానేశారు. మా ఆయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మళ్ళీ ఆ గొడవ నాకొద్దు. లేబ్‌కి టైమైంది. కారు స్టార్ట్ చేసి ఉంది, ఇంజన్ వేడెక్కుతోంది.

"సరే" అన్నాను.

సాయంత్రం వచ్చేసరికి అత్తగారు లైటు వేసుకోకుండా సోఫాలో కూర్చుని ఉన్నారు. జరిగింది ఇదీ. పక్కింటామె వంటింట్లో ఉంది. ఈవిడ తిన్నగా ముందుగదిలోకి వెళ్ళారు. ఆయన తలకి తెల్లగుడ్డ చుట్టి ఉందిట. నుదుట విభూతి పెట్టి, పూలు కళ్ళకద్ది, దిండు మీద సర్దుతుంటే పక్కింటామె వచ్చి చూసి కేక పెట్టింది. పూలన్నీ ఊడ్చి, ఈవిడ జబ్బ పట్టుకుని బయటికి లాక్కొచ్చి తలుపేసింది. "నేనేం తప్పు చేశానే?" అని మా అత్తగారు అడుగుతుంటే, ఆ తప్పేమిటో అప్పుడు చెప్పాను. అన్నీ అయ్యాక.

ఆవిడ ముఖం పాలిపోయింది. వెంటనే వెళ్ళి కాళ్ళు పట్టుకుంటానని లేచారు. మా ఆయన వెళ్ళనివ్వలేదు. "నాన్సెన్స్. అది కేన్సర్. దానికి పువ్వుతో పనేంటి? మూఢనమ్మకాలకి సారీ చెప్పడమేమిటి?" అన్నారు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఈ ఇల్లు కొన్నప్పుడు దుర్ముహూర్తం దాటేదాకా సంతకం పెట్టనని, లాయర్ ఆఫీసులో అందరినీ గంటన్నర కూర్చోబెట్టిన మనిషి ఈయన! మనది శాస్త్రం, వాళ్ళది మూఢనమ్మకం. ఆ మాటే మొహమ్మీద అన్నాను. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ తినలేదు.

నేను మూడుసార్లు వాళ్ళ తలుపు కొట్టాను. రెండుసార్లు తియ్యలేదు. మూడోసారి గొలుసు తియ్యకుండా, సందులోంచి, ఆయన నిద్రపోతున్నాడు అని చెప్పి మూసేసింది. పెరుగన్నం గిన్నె మెట్టు మీద పెట్టొస్తే, సాయంత్రానికి అలాగే ఉంది.

పదకొండో రోజున ఆయన పోయాడు. పువ్వు వల్ల పోయాడని నేననను. రిపోర్టులు నేనూ చూశాను. కానీ ఆ పదకొండు రోజులూ ఆమె ఏ ఆశా లేకుండా ఆయన పక్కన కూర్చుంది. అది తీసేసుకున్నది మేమే. దాన్ని ఏ శాస్త్రంతో సమర్థిస్తారో సమర్థించమనండి.

ఫ్యునరల్ హోమ్‌కి ముగ్గురం వెళ్ళాం. పలకరించే వరసలో మా అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. మా వంతు వచ్చింది. పక్కింటామె ఈవిడ రెండు చేతులూ పట్టుకుని, నుదుటి మీద ముద్దు పెట్టుకుంది. తర్వాత ఆమె నా వైపు తిరిగింది. గొంతు పెంచలేదు. చాలా మామూలుగా అంది.

"ఆవిడకి తెలియదు. నీకు తెలుసు."

వెనకాల వరస కదులుతోంది. నేను పక్కకి తప్పుకున్నాను.

పార్కింగ్ లాట్‌లో అత్తగారు నా చెయ్యి పట్టుకుని ఆపేశారు. "ఏమందే? నీతో ఏదో అంది కదా, ఏమంది?" అని అడిగారు. ఆవిడ కళ్ళల్లోకి చూడలేకపోయాను.

"మీకు తెలియక చేశారట. మీ మీద ఆమెకి కోపం లేదట" అన్నాను.

ఆవిడ బావురుమని ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, ఆ పూటకి కొంచెం తేరుకున్నారు. "చూశావా, నువ్వే అనవసరంగా రాద్ధాంతం చేశావు" అన్నారు మా ఆయన, కారు తలుపు తీస్తూ. నేను వెనక సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్నాను.