కారంపూడి ఇంట్లో వంటింటి స్పీకర్

శ్మశానం గోడ పక్కనే తొమ్మిదేళ్లు షాపు నడిపినవాణ్ణి నేను. దెయ్యం అనే మాటకు మా పనిలో మూడే అర్థాలు: ఎర్తింగ్ సరిగ్గా లేకపోవడం, లూజ్ కాంటాక్టు, ఎలక కొరికిన వైరు. "మస్తానూ, మా టీవీ దానంతటదే మాట్లాడతందయ్యా" అంటూ వచ్చినవాళ్లందరికీ ఈ మూడింట్లో ఏదో ఒకటి చూపించి పంపాను. ఇదొక్కదానికి మాత్రం ఏ కారణమూ చూపించలేకపోయాను.

మాది నరసరావుపేట. ఇళ్లల్లో సౌండ్ సిస్టమ్‌లు బిగిస్తాను. హాల్లో ఒక ఆంప్లిఫయర్ పెట్టి, అక్కణ్ణుంచి గదిగదికీ వైరు లాగి, సీలింగులో స్పీకర్లు బిగించడం. పోయిన ఏడాది కారంపూడి నుంచి సుబ్బాయమ్మ పిన్ని ఫోన్ చేసింది. చుట్టరికం ఏమీ లేదు. మా నాన్న వాళ్ల రేడియో బాగు చేసిన నాటి నుంచీ మాకు వాళ్లు పిన్నీ బాబాయే.

బాబాయికి అంతకు రెండేళ్ల ముందు పక్షవాతం వచ్చింది. కుడి పక్క పడిపోయింది, మాట పూర్తిగా పోయింది. అంతకన్నా ఘోరం ఏమిటంటే, ఆయన ఏదో చెప్పాలని చూస్తాడు. పిన్ని కనబడితే చాలు, ఎడమ చెయ్యి పైకెత్తి కళ్లనీళ్లు పెట్టుకుంటాడు. ఆవిడ పలక పట్టించింది, బీరువాలు తెరిచి చూపించింది, చుట్టాలందరి పేర్లూ చదివింది. ఆయన దేనికీ తల ఊపలేదు.

"ఆయన కాడ పాట పెడితే నాకు వంటింట్లో గూడా ఇనపడాలయ్యా," అంది పిన్ని. "మాటలు ఎట్టాగూ లేవు. ఇద్దరం ఒకే పాటన్నా ఇంటన్నట్టుంటది."

మర్నాడే సామాను బండికి కట్టుకుని వెళ్లాను.

నాలుగు గదులు. నా పద్ధతి ఒకటుంది. గది వైరు కలపగానే పాట పెట్టను. ఊరికే ఆంప్లిఫయర్ ఆన్ చేసి, వాల్యూమ్ పెంచి, స్పీకర్‌లో గుయ్యిమనే హమ్మింగ్ ఎంతుందో వింటాను. పనితనం అక్కడే తెలిసిపోతుంది. రెండో రోజు పొద్దున పదకొండింటికి వంటింటి వైరు ఒక్కటే కలిపాను. బాబాయి గదిలో పెట్టాల్సిన స్పీకర్ ఇంకా అట్టపెట్టెలోనే ఉంది. ఆ గది వైరు కొసకు టేపు చుట్టి వదిలేశాను. మైకు లేదు. బ్లూటూత్ ఆపేసి ఉంది. తర్వాత వందసార్లు సరిచూసుకున్నాను కాబట్టి ఇవన్నీ చెబుతున్నాను.

వాల్యూమ్ పెంచాను. వంటింట్లోంచి మగగొంతు వచ్చింది.

"ఏమే, ఇట్రా. నీకొకటి చెప్పాల. అది..."

చిన్నప్పటి నుంచీ నేను విన్న గొంతే. పొలం గట్టు మీద నిలబడి పిలిచినట్టు గట్టిగా ఉంది. పిన్ని చేతిలో చేట జారి బియ్యమంతా నేలపాలవడం హాల్లోంచి నాకు కనబడింది.

నేనేం చేశానో తెలుసా? ఆపేశాను. రాకూడని శబ్దం వస్తే ముందు కరెంటు తీసెయ్యాలి, లేకపోతే ఆంప్లిఫయర్ కాలిపోతుంది. ఇరవై ఏళ్ల అలవాటు. బుర్ర ఆలోచించేలోపే చెయ్యి ప్లగ్గు పీకేసింది. పాడు చెయ్యి.

పిన్ని బాబాయి గదిలోకి పరిగెత్తింది, వెనకాలే నేను. ఆయన పడుకునే ఉన్నాడు. మూతి ఎప్పటిలాగే ఒక పక్కకు వంకరపోయి ఉంది. నుదురంతా చెమట. మెట్లెక్కి వచ్చినవాడిలా రొప్పుతున్నాడు. నన్ను చూసి ఎడమ చేత్తో మంచాన్ని కొట్టాడు. మళ్లీ కొట్టాడు. ఆ చూపు భరించలేక తల దించుకున్నాను.

"ఎందుకాపావు మస్తానూ?" అంది పిన్ని. "ఆయనే. పేరెట్టి పిలిచే మనిషి గాదు, ఏమే అనే పిలిచేది. ఎందుకాపావురా నాయనా?"

మళ్లీ ప్లగ్గు పెట్టాను. హమ్మింగ్ తప్ప ఏమీ లేదు. సాయంత్రం దాకా ఇద్దరం వంటింట్లో నేల మీద కూర్చుని సీలింగు వంక చూస్తూనే ఉన్నాం. "చెప్పయ్యా, ఇంటన్నా, చెప్పు" అని ఆవిడ అంటూనే ఉంది. ఆ పూట ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదు.

ఆ తర్వాత నాలుగుసార్లు వెళ్లాను. అదే గంట, అదే వైరు. ఆ గొంతు మాత్రం మళ్లీ రాలేదు. బిగించిన బాబాయి గది స్పీకర్‌ని విప్పి మళ్లీ అట్టపెట్టెలో పెట్టి, వైరు కొసకు మునుపటిలాగే టేపు కూడా చుట్టాను. పిచ్చి పనే, ఏం చెయ్యను! స్పీకర్‌ని మైకు ఇన్‌పుట్‌కి కలిపితే మైకులా పనిచేస్తుంది, నిజమే. పెట్టెలో ఉన్నది ఎలా పనిచేస్తుంది? పోనీ పనిచేసిందే అనుకుందాం, నోరు కదలని మనిషి మాట ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆయన గొంతు పాత ఫోన్లలో ఏమన్నా రికార్డయి ఉందేమోనని వెతికాం. ఎక్కడా లేదు.

మిర్చి కోతల నాటికి బాబాయి పోయాడు. ఆఖరి రోజు కూడా ఆ చెయ్యి ఎత్తుతూనే ఉన్నాడట.

పెద్దకర్మకు వెళ్లాను. పిన్ని నన్ను నాలుగు తిట్టి ఉంటే బాగుండేది. పక్కన కూర్చోబెట్టుకుని, "తిట్టేవాడో, మంచే చెప్పేవాడో. ఏదైతే ఏంది, ఇననిచ్చుంటే సరిపోయేది గదయ్యా," అంది. నాకు ఏడుపొచ్చేసింది. ఆవిడే నా వీపు నిమిరింది.

దెయ్యమని అనలేను, అప్పటికి ఆయన బతికే ఉన్నాడు. ఆ గొంతు ఎలా వచ్చిందో నాకు ఈరోజుకీ తెలియదు. ఎలా ఆగిందో మాత్రం తెలుసు. నేనే ఆపాను.